చింతపిక్కల లెక్క

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళు నిండి ఆరో తరగతి చదువుతున్న రోజుల్లో, భవానీపురంలో మా ఎదురింటి మాస్టారు నా కళ్ళు ఒక్క రోజుకు ఎరువు అడిగారు.

అడిగింది నన్ను కాదు, మా నాన్నని. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని, "మీవాడి కళ్ళు శనివారం ఒక్కరోజుకి ఇస్తారా అండీ? జాగ్రత్తగా తిరిగి అప్పజెబుతాను" అన్నారు. నాన్న నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఏటా క్రిస్మస్ వెళ్ళిన తరవాత వచ్చే శనివారం నాడు, ఇంటి ముందు కాగితం నక్షత్రం ఇంకా వేలాడుతుండగానే, మెడలో బరువైన బైనాక్యులర్ వేసుకుని నాగాయలంక అవతలికి, కృష్ణ సముద్రంలో కలిసే వైపుకి పిట్టల్ని లెక్కపెట్టడానికి వెళ్ళేవారు. ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. శీతాకాలం ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడి బురద మేటల మీద వాలే పిట్టలు ఈ ఏడు ఎన్ని వచ్చాయో తెలుసుకోవాలని, అంతే. దానికి ఒక పొడుగాటి పుస్తకం ఉండేది, నల్ల రెక్సిన్ అట్టది. అందులో గళ్ళు గీసి ఉండేవి: తేదీ, గాలి, ఆకాశం, నీరు, పిట్ట పేరు, సంఖ్య. ఎనిమిది శీతాకాలాలు వరసగా నిండి ఉన్నాయి. తొమ్మిదో శీతాకాలం, అంటే దివిసీమని ఉప్పెన ముంచిన ఏడాది, సంఖ్య గడిలో అంకె లేదు. "వెళ్ళాను. లెక్కపెట్టలేదు" అని రాసి ఉంది. ఆ ఏడు ఆయన తమ చర్చి వాళ్ళతో బియ్యం బస్తాలు, బట్టల మూటలు తీసుకుని వెళ్ళారు. బైనాక్యులర్ ఇంట్లో మేకుకే ఉంది.

ఆ మరుసటి ఏడు ఆయన కళ్ళు పాడయ్యాయి. పూర్తిగా కాదు. చూపు అంచులు బాగానే ఉండేవి, రోడ్డు దాటేవారు, మనిషి నీడ పోల్చేవారు. కానీ దేన్ని సూటిగా చూస్తే సరిగ్గా అక్కడే పొగమరక కమ్మేది. అక్షరం కనపడదు, పిట్ట కనపడదు. ఇక బాగుపడదని డాక్టరు చెప్పాడట. ఉద్యోగం వదులుకోవడానికి కాగితం రాసిచ్చేశారు. పుస్తకం మూసేసే ముందు మాత్రం ఒక్క సంగతి తెలియాలన్నారు. ఉప్పెనలో ఆ మేటలు చెదిరిపోయాయి, సముద్రం కొన్నింటిని కోసేసి కొన్నింటిని కొత్తగా వేసింది. అటువంటి చోటుకి ఆ పిట్టలు మళ్ళీ వచ్చాయా, లేదా? వస్తే మునుపటంతా, తక్కువా? ఆ ఒక్క అంకె గడిలో పడితే తన పని పూర్తయినట్టే అన్నారు.

మా అమ్మకి అస్సలు ఇష్టం లేదు. పైగా శుక్రవారం రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని చెప్పారు. ఉప్పెన వచ్చి పదమూడు నెలలే అయింది. ఆ మాట రేడియోలో వినపడితే చాలు, మా వీధిలో ఆడవాళ్ళు చేతిలో పని ఆపేసేవాళ్ళు. "పిట్టలెక్కడికి పోతాయండీ, వచ్చే వారం చూడకూడదూ?" అంది అమ్మ మాస్టారితో. "వచ్చే వారానికి నాకు ఈపాటి చూపు కూడా ఉంటుందో లేదో అమ్మా" అన్నారాయన. గాలి పెరిగితే చల్లపల్లి నుంచే వెనక్కి వచ్చేస్తామని మాట ఇచ్చారు. అమ్మ గోనెసంచి ఒక మూల లోపలికి మడిచి, తలమీద నుంచి వీపు దాకా కప్పుకునేలా నాకొక కొప్పెర చేసిపెట్టింది.

లెక్కపెట్టడానికి మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. వేల పిట్టలు ఒకచోట వాలినప్పుడు ఒక్కొక్కటి ఎంచడం కుదరదు. ముందు పది పిట్టల్ని నిజంగా ఎంచాలి. ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకోవాలి. అటువంటి ముక్కలు పది దాటితే నూరు. నూరు కాగానే కుడి జేబులోంచి ఒక చింతపిక్క తీసి ఎడమ జేబులో వెయ్యాలి. కాగితం మీద రాసుకోకూడదు, కళ్ళు దించితే ఎక్కడున్నామో పోతుంది. నోటితో అంకెలు చదవకూడదు, ఎవరైనా పలకరిస్తే పోతుంది. చెయ్యి చేసే పని మాత్రం పోదు అనేవారు. మందంతా అయ్యాక ఎడమ జేబులో పిక్కలు ఎంచుకుంటే ఎన్ని వందలో తెలుస్తుంది. రెండు రోజుల పాటు నా చేత వాళ్ళ పెరట్లో బియ్యపు గింజలు చాపమీద చల్లించి అభ్యాసం చేయించారు. శుక్రవారం రాత్రి యాభై పచ్చి చింతపిక్కలున్న పౌడరు డబ్బా నా చేతికిచ్చి, "ఇది నీ బాధ్యత" అన్నారు.

తెల్లవారుజామున బస్సు ఎక్కాం. ఆ రోజు మా దగ్గర ఉన్నవి ఇప్పటికీ వరసగా చెప్పగలను: బైనాక్యులర్, పుస్తకం, రెండు పెన్సిళ్ళు, మాస్టారి గొడుగు, నా గోనె కొప్పెర, నీళ్ళ సీసా, మాస్టారి భార్య ఇచ్చిన క్రిస్మస్ అరిసెలూ కజ్జికాయలూ ఉన్న రేకు డబ్బా. లేనిది ఒక్కటే, పౌడరు డబ్బా. అది మా ఇంట్లో కిటికీ గూట్లో ఉండిపోయింది.

ఆ సంగతి చల్లపల్లి దాటాక తెలిసింది నాకు. జేబులు తడుముకుంటే నాయనమ్మ బయల్దేరేటప్పుడు దోసిట్లో పోసిన చింతపిక్కలు తగిలాయి. అవి వేయించినవి. ఇసుకలో వేయించి, పైపొట్టు ఊదేసి, బుగ్గన పెట్టుకుని నానబెట్టుకుంటూ గంటలకొద్దీ నమిలే చిరుతిండి. ఒళ్ళో పోసుకుని ఎంచాను. సరిగ్గా నలభై ఉన్నాయి. పిక్క పిక్కే కదా, పచ్చిదైతేనేం వేయించినదైతేనేం అనుకున్నాను. నలభయ్యీ కుడి జేబులో పోసుకున్నాను. మాస్టారికి చెప్పలేదు. ఆయన కిటికీ వైపు ముఖం తిప్పి కూర్చుని ఉన్నారు. బయట రోడ్డు పక్కన తలలు లేని కొబ్బరి మొండేలు వానలో ఒకదాని తరవాత ఒకటి వెనక్కి వెళ్ళిపోతున్నాయి. "ఇంకా అట్లాగే ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను.

నాగాయలంకలో దిగి కరకట్ట మీద రెండు మైళ్ళు నడిచాం. ముసురు వదలలేదు. గాలి తూర్పు నుంచి సన్నగా, ఆగకుండా కొడుతోంది గానీ పెరగలేదు. కట్ట చివర పల్లెకారుల గుడిసెలు ఉన్నాయి, కొత్త తాటాకుతో వేసినవి. అక్కడ ఉండే పడవాయనే ప్రతి ఏడూ మాస్టారిని మేటల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. నలభై ఏళ్ళుంటాయేమో, బాగా నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. మాస్టారి చెయ్యి పట్టుకుని కట్ట దింపుతూ, "కళ్ళు పోయినా పిచ్చి పోలేదన్నమాట మేష్టారూ" అన్నాడు.

"పిచ్చికి కళ్ళెందుకయ్యా? ఈసారి అద్దె కళ్ళు తెచ్చుకున్నాను" అన్నారు మాస్టారు, నన్ను ముందుకు తోస్తూ.

"ఇయ్యా? ఇయ్యి నిద్ర కళ్ళండి. పిట్టలు కాదు, పడవ కనపడితే చాలు."

పిల్లలు పోగయ్యారు. మాస్టారు రేకు డబ్బా మూత తీసి, కజ్జికాయ ఒకటి చేతిలోకి తీసుకుని, ఎవరికోసమో వెతుకుతున్నట్టు కాసేపు అట్లాగే నిలబడిపోయారు. పడవాయన తల తిప్పుకుని తాడు విప్పడం మొదలుపెట్టాడు. ఎందుకో నాకు తరవాత తెలిసింది. ఏటా డబ్బా తియ్యగానే మొదటి కజ్జికాయ పడవాయన కూతురి చేతిలో పెట్టడం మాస్టారికి అలవాటు. ఆ పిల్లా, పడవాయన తల్లీ ఉప్పెనలో పోయారు. మాస్టారు చేతిలోది దగ్గర్లో ఉన్న ఒక చంటివాడికిచ్చి, డబ్బా మొత్తం ఆ పిల్లల మధ్య పెట్టేసి పడవెక్కారు. నాకు ఒక్క అరిసె కూడా మిగల్లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కనపడింది ఖాళీ డబ్బా ఒక్కటే. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.

పాయ వెంట గంటన్నర ప్రయాణం. రెండు పక్కలా మడచెట్లు, కొన్ని విరిగి, కొన్ని అప్పుడే చిగిర్చి ఉన్నాయి. పాయ విశాలమైన చోట పడవాయన గడ బురదలో గుచ్చి పడవ ఆపాడు. ఎదురుగా బురద మేట. వాన తెరలో మొదట అది ఉత్త బూడిదరంగు నేల అనుకున్నాను. బైనాక్యులర్ పెట్టుకునేసరికి ఆ నేలంతా కదులుతోంది. సన్నటి కాళ్ళ ఉల్లంకి పిట్టలు. ముక్కులు బురదలో గుచ్చుతూ, పరుగెత్తుతూ, ఆగుతూ, అన్నీ గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఉన్నాయి.

"ఉన్నాయి మాస్టారూ" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని చెవి అటు పెట్టారు. సన్నగా ఈల వేసినట్టు వాటి అరుపులు గాలిలో వస్తున్నాయి. "పోటు మొదలైందా?" అని పడవాయన్ని అడిగారు. మొదలైందట. నీరు ఎక్కే కొద్దీ పిట్టలు దగ్గరదగ్గరగా జరుగుతాయి. మేట మునిగిపోగానే లేచి ఎటో వెళ్ళిపోతాయి. ఆ లోపల పూర్తి కావాలి. ఒక గంట ఉంటుంది. "ఎడమ చివర నుంచి మొదలుపెట్టు. తొందరపడకు. నేను పలకరించను" అన్నారు.

నేను శ్రద్ధగానే లెక్కపెట్టాను. ఆ మాట ఇప్పటికీ అనగలను. పది, ఇరవై, ముప్ఫై, నూరు కాగానే పిక్క కుడి నుంచి ఎడమకి. వాన చినుకులు అద్దాల మీద పడితే చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ అదే పిట్ట దగ్గర అందుకున్నాను. కానీ చలి. వేళ్ళు కొంకర్లు పోతుంటే మధ్యమధ్య చేతులు జేబుల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకునేవాణ్ణి, ఒకసారి కుడి చెయ్యి, ఒకసారి ఎడమ చెయ్యి. కడుపులో ఆకలి. జేబులో ఉన్నవి చింతపిక్కలు. చెయ్యి చేసే పని పోదని మాస్టారు అన్నది నిజమే. అయితే నా చేతికి అంతకంటే పాత పని ఒకటి వచ్చు. జేబులో వేయించిన చింతపిక్క తగిలితే తీసుకెళ్ళి నోట్లో వెయ్యడం. అది నేను చేస్తున్నట్టు నాకే తెలియలేదు.

చివరి మూల పూర్తయింది. నీరు మేట నడుం దాకా వచ్చింది. బైనాక్యులర్ దించి, దవడ నొప్పిగా ఉందేమిటా అనుకున్నాను. నాలుకతో తడిమితే సగం నానిన పిక్క బుగ్గన ఉంది.

గోనె కొప్పెర చాటున రెండు జేబులూ ఎంచాను. ఎడమ జేబులో పదిహేడు. కుడి జేబులో తొమ్మిది. మొత్తం ఇరవై ఆరు. నలభైకి పద్నాలుగు తక్కువ. పద్నాలుగు పిక్కలు తిన్నాను.

ఎడమ జేబులోంచి మాత్రమే తిని ఉంటే లెక్క దక్కేది. కుడి జేబులో మిగిలిన తొమ్మిదీ నలభైలోంచి తీసేస్తే ముప్ఫై ఒకటి, అంటే మూడు వేల ఒక వంద. కుడి జేబులోంచి మాత్రమే తిని ఉన్నా దక్కేది. ఎడమ జేబులో పదిహేడు, అంటే పదిహేడు వందలు. నేను రెండింట్లోంచీ తిన్నాను. ఎందులోంచి ఎన్నో తెలియదు. లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే వచ్చేవి. ఆ కాసేపట్లో నా బుర్ర చేసిన పని ఏమిటంటే, పదిహేడుకీ ముప్ఫై ఒకటికీ సరిగ్గా మధ్య ఇరవై నాలుగు అని తేల్చడం.

"ఎన్ని?" అన్నారు మాస్టారు.

"ఇరవై నాలుగు వందలండి."

ఆయన ముఖం విప్పారింది. వర్షం నీళ్ళు కారుతున్న ఆ ముఖం అట్లా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. "ఉప్పెనకి ముందు ఏడు ఇరవై రెండు వందలు. అంటే తగ్గలేదు. వచ్చాయి, వచ్చేశాయి" అని తనలో తనే రెండుమూడు సార్లు అనుకున్నారు. పుస్తకం సంచిలోంచి తీసి, గొడుగు కింద తెరిచి, నా చేతికిచ్చి రాయమన్నారు. గీతలు ఆయనకి కనపడవు కదా. రాశాను. 2400. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని అంతా మెచ్చుకునేవారు. ఆ రోజు ఇంకా గుండ్రంగా పడ్డాయి.

అప్పుడే పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఒక పెద్ద దుప్పటి దులిపినట్టు మేట మీద నుంచి లేచి, వానలో ఒక మలుపు తిరిగి, మడచెట్ల అవతలికి వెళ్ళిపోయాయి. మేట మునిగింది. పడవాయన గడ లాగి పడవ వెనక్కి తిప్పాడు.

కొంతదూరం పోయాక పడవాయన అన్నాడు, "అంత లెక్క ఎట్టా కట్టావు బాబూ? ఒక్కొక్కటీ ఎంచావా?"

"పదేసి చొప్పున" అన్నాను.

"నయం. అట్టన్నా ఎంచావు" అని, గడ వేస్తూనే, నాతో అన్నట్టు కాకుండా నీళ్ళతో అన్నట్టు చెప్పుకుపోయాడు. "మా పల్లెకి లెక్క రాయడానికి ఒకాయన వచ్చాడు బాబూ, నీళ్ళు తీసిన మూడో నాడు. నిలబడ్డానికి నేల లేదు, అడగడానికి మనిషి లేడు. కట్ట మీద నించునే చూసి, సుమారు ఇంతమంది అని ఒక అంకె ఏసుకుని పోయాడు. ఆయన తప్పు కాదులే. ఆయనా ఏడుస్తానే రాశాడు. కానీ ఆ అంకెలో మా పిల్ల ఉందో లేదో నాకిప్పటిదాకా తెలవదు. ఉన్నోళ్ళని లెక్కేసుకున్నాం, పోయినోళ్ళని లెక్కేసుకున్నాం, ఆయన అంకెకి కుదరదు. ఎక్కువో, తక్కువో. ఎవురు మిగిలిపోయారా అని నా ఆడది ఇప్పటికీ అడుగుద్ది."

మాస్టారు తల దించుకున్నారు. ఆయన చెయ్యి నా ఒళ్ళో ఉన్న పుస్తకం అట్టమీద ఉంది. ఆ చేతి కింద ఉన్న అంకె ఎట్లా వచ్చిందో పడవలో ఉన్న ముగ్గురిలో నా ఒక్కడికే తెలుసు. బుగ్గలో ఆ పిక్క ఇంకా ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను.

"మాస్టారూ, నేను పిక్కలు తినేశాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పాను. డబ్బా మర్చిపోవడం, నాయనమ్మ పిక్కలు, చలి, ఆకలి, పదిహేడు, తొమ్మిది, మధ్యలో ఇరవై నాలుగు. తిడతారనుకున్నాను. ఆయన డాక్టరు రోగిని అడిగినట్టు అడిగారు. మొదట ఎన్ని ఉన్నాయి, నువ్వే ఎంచావా, ఇప్పుడెన్ని. "ఒక్క జేబులోంచేనా?" అని అడిగినప్పుడు మాత్రం నా వైపు వంగారు. రెండింట్లోంచీ అన్నాను.

అందాకా ఉన్న వెలుగు ఆ ముఖం మీద నుంచి మెల్లగా దిగిపోవడం నేను దగ్గరగా కూర్చుని చూశాను. దెబ్బ తిని ఉంటే దాన్ని ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

"తిప్పమంటారా మేష్టారూ?" అన్నాడు పడవాయన. "పిట్టలు ఆ పక్క మేట మీద వాల్తాయేమో. గాలి ముదురుతోంది గానీ, మీరు అంటే పోదాం."

మాస్టారు వెనక్కి తిరిగి ఆ వైపు చూశారు. ఆయనకి అక్కడ పొగమరక తప్ప ఏమీ కనపడదని నాకు తెలుసు. "వద్దు. పిట్టల లెక్క కోసం ఈ పిల్లవాణ్ణి వాళ్ళమ్మకి లెక్క తప్పించలేను" అన్నారు. తరవాత నాతో, "పుస్తకం తియ్యి. ఆ అంకె మీద ఒక్క గీత గీసి కొట్టెయ్. చెరపకు. కొట్టేసిన అంకె చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన రాయి: పదిహేడు వందలకీ మూడు వేల ఒక వందకీ మధ్య. కారణం కూడా రాయి."

"కారణం కూడానా అండీ?"

"అదే ముఖ్యం. నా తరవాత ఈ పుస్తకం చూసేవాడికి ఎందుకు తప్పిందో తెలియకపోతే, ఎంతవరకు నమ్మాలో ఎట్లా తెలుస్తుంది?"

రాశాను. కాగితం మీద వాన చుక్కలు, నా కన్నీళ్ళు. "లెక్కపెట్టేవాడు ఆకలేసి చింతపిక్కలు తిన్నాడు." ఏం రాశావో పైకి చదువు అన్నారు. చదివాను. పడవాయన ఫక్కున నవ్వాడు. గడ ఆపేసి మరీ నవ్వాడు. "పద్నాలుగు వందల పిట్టల్ని నవిలేశావు గదయ్యా! మా వలకి కూడా అన్ని పడవు!" అన్నాడు. మాస్టారు కూడా నవ్వారు, ముందు చిన్నగా, తరవాత గట్టిగా. నేను మాత్రం నవ్వలేకపోయాను.

నవ్వు అయిపోయాక పడవాయన గడ అందుకోలేదు. పడవ తనంత తాను పోటుకి మెల్లగా పాయలోకి పోతోంది. "మేష్టారూ, ఆ పుస్తకంలో మడుసుల్ని కూడా రాత్తారా?" అన్నాడు.

మాస్టారు తడిమి చూసుకుని, పుస్తకం చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టారు.

పడవాయన మొదట తన తల్లి పేరు చెప్పాడు. రాశాను. పేరు పక్కన గడి ఖాళీగా ఉంటే, వయసు ఎంతని అడిగాను. "మా అమ్మ వయసు ఎవురికి తెలుసు బాబూ? డెబ్భై ఉంటాయేమో. సుమారు అనే రాయి" అన్నాడు. రాశాను. తరవాత కూతురి పేరు చెప్పాడు. రాసి, "వయసు?" అన్నాను. ఆరేళ్ళు అన్నాడు. పై గడిలో రాసిన మాటే కింద కూడా రాయబోయాను. ఆయన వంగి, బురద అంటిన తడి వేలు నా పెన్సిలు మీద పెట్టి ఆపాడు.

"దానికి సుమారు కాదు బాబూ. ఆరేళ్ళ నాలుగు నెలలు."

అట్లాగే రాశాను.

ఆ సాయంత్రం కరకట్ట మీద నడుస్తున్నప్పుడు మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచారు. దారి కోసమో, నా కోసమో నాకు తెలియలేదు. బస్సులో ఒక్క మాట మాత్రం అన్నారు: "ఇరవై నాలుగు వందలు అన్నావు చూడూ, అప్పుడు నేను సంతోషపడ్డాను. నీకు దయ ఉంది. కానీ సంతోషపెట్టడానికి అంకెలు వాడకు. దానికి వేరే మాటలు ఉన్నాయి." ఇంటికి చేరాక, మా అమ్మతో ఆ సంగతేమీ చెప్పలేదు. "మీవాడి కళ్ళు భద్రంగా తెచ్చానమ్మా" అన్నారంతే.

ఆయన మళ్ళీ వెళ్ళలేదు. వేసవి వచ్చేసరికి చూపు అంచులు కూడా మసకబారాయి. ఆ పిట్టలు ఉప్పెన తరవాత మునుపటంత వచ్చాయో లేదో ఆయనకి తెలియకుండానే పోయింది. పదిహేడు వందలైతే తగ్గినట్టు, మూడు వేలైతే పెరిగినట్టు. ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంది ఆయన అడిగిన ఒకే ఒక్క సంగతి. దాన్ని నేను నమిలేశాను. ఎన్నో ఆదివారాలు ఆయన చర్చి నుంచి వచ్చాక నన్ను పిలిచి పుస్తకం చదివించుకునేవారు, మొదటి శీతాకాలం నుంచి. నా పేజీ వచ్చేసరికి నేను తొందరగా దాటబోతే, "కారణం చదవలేదు" అనేవారు. చదివితే నవ్వేవారు. చివరి పేజీ కూడా చదివించుకునేవారు. అప్పుడు నవ్వేవారు కాదు. నేను కాలేజీకి వెళ్ళే ఏడు ఆ పుస్తకం నాకిచ్చేశారు.

తరవాత నేను ఇంజనీరింగు చదివి, కాలువల మీద నీటిమట్టాలు కొలిచే ఉద్యోగం చేశాను. ముప్ఫై రెండేళ్ళు. వరద వచ్చి కొలబద్ద మునిగిపోయిన రోజుల్లో, మట్టం చూడలేకపోతే ఆ గడిలో "చూడలేదు" అని రాసి, ఎందుకో కూడా రాసేవాణ్ణి. "ఏదో ఒక అంకె వెయ్యవయ్యా, నిన్నటికీ రేపటికీ మధ్యది వేస్తే ఎవడడుగుతాడు?" అని పైవాళ్ళు విసుక్కునేవారు. మధ్యది ఎట్లా వెయ్యాలో నాకు వాళ్ళకంటే బాగా తెలుసు. పదకొండేళ్ళ వయసులోనే వేశాను. వేసినప్పుడు ఎంత బాగా కుదిరిందో, ఒక మంచి మనిషి ముఖం ఎంత వెలిగిందో కూడా గుర్తుంది. అందుకే వెయ్యలేదు.

ఆ నల్ల అట్ట పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. వాన తడికి ఉబ్బిన ఆ రెండు పేజీలు ఎంత అణిచినా మళ్ళీ లేస్తాయి. చివరి పేజీలో ఉన్న పేర్లు ఇక్కడ రాయను, అవి పడవాయనవి. "సుమారు" అన్న మాట ఆ పేజీలో ఒక్కచోటే ఉంది, ఆ ముసలమ్మ పేరు పక్కన, నిజంగా తెలియని చోట. దాని కింద పడవాయన వేలు పెన్సిలు మీంచి జారి కాగితానికి అంటిన ముద్ర, బురదది. ఆ వేలు పెన్సిలు మీద పడి ఆగినప్పటి చలి, ఏదైనా అంకె రాయబోయే ముందు ఇప్పటికీ నా చేతికి తగులుతుంది.